వేరే రాష్ట్రం వాళ్ళకి పాత కారు అమ్మాలంటే: డబ్బు, కాగితాలు, తాళం ఏ వరసలో ఇవ్వాలి

"వేరే రాష్ట్రంలో ఉన్న మనిషి మా కారు ఫొటోలు చూసి కొంటానంటున్నాడు, డబ్బు ఆన్‌లైన్‌లో వేస్తాడట, బండిని లారీ ఎక్కించమంటున్నాడు, నమ్మొచ్చా?" కారు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. ఫోన్‌లో గొంతు విని ఎవరినీ తేల్చలేం. అవతలి మనిషి ఎలాంటివాడైనా మీరు మాత్రం ఒకే వరస పట్టుకోండి: ముందు మనిషి ఎవరో తేలాలి, తర్వాత కొంత అడ్వాన్స్, ఆ తర్వాత ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మారడానికి అభ్యంతరం లేదని మీ ఆర్‌టీఓ ఇచ్చే పత్రం), తర్వాత పూర్తి డబ్బు, అది మీ ఖాతాలో పడిందని మీరే చూసుకున్నాక సంతకాలు, అన్నిటికన్నా చివర తాళం. నిజంగా కొనేవాళ్ళకి ఈ వరసతో ఇబ్బంది ఉండదు, వాళ్ళ డబ్బుకీ ఇదే రక్షణ. వరస మార్చమని తొందరపెడుతున్నారంటే అక్కడే ఆగిపోండి.

డబ్బు పోతుందన్న భయం అందరికీ ఉంటుంది. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది, దాని గురించి ఎవరూ అడగరు. డబ్బు మొత్తం వచ్చి, బండి వెళ్ళిపోయి, ఆర్‌సీలో మాత్రం మీ పేరే ఉండిపోవడం. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో చట్టం దృష్టిలో యజమాని వాళ్ళే, యాక్సిడెంట్ పరిహారం బాధ్యతా వాళ్ళదే. అందుకే డబ్బు అందగానే పని అయిపోయిందనుకోవద్దు, పేరు మారినప్పుడే అయినట్టు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒరిజినల్ ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్ పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్, రెండు తాళాలు, సర్వీస్ రికార్డు, లోన్ ఉండి తీరిపోయుంటే బ్యాంకు ఇచ్చిన క్లియరెన్స్ లెటర్, ఫారం 35. ఇవి కాక ఫారం 28 ఎన్‌ఓసీకి, ఫారం 29, ఫారం 30 పేరు మార్పిడికి. రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో దొరుకుతాయి. ఆర్‌సీకి లింక్ అయిన ఫోన్ నంబర్ మీ దగ్గరే పనిచేస్తోందో లేదో ఇప్పుడే చూడండి. ఓటీపీలు దానికే వస్తాయి, పాత నంబర్ ఉంటే పని అక్కడే ఆగిపోతుంది.

1. బండి మీద బాకీలేమీ లేకుండా చేసుకోండి

లోన్ తీరిపోయినంత మాత్రాన ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు దానంతటదే పోదు. బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 ఆర్‌టీఓ ఆఫీసులో ఇచ్చి హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, తీయించాలి. అది ఉండగా బ్యాంకు ఒప్పుకోకుండా పేరు మార్చరు. లోన్ ఇంకా నడుస్తుంటే "మీరు డబ్బివ్వండి, నేను తీర్చేస్తా" అనే బేరం దూరపువాళ్ళతో పెట్టుకోవద్దు, ముందు తీర్చేసి అమ్మండి. తప్పనిసరైతే కొనేవాళ్ళు మీ లోన్ ఖాతాకే నేరుగా కట్టేలా, బ్యాంకు నుంచి ఎంత కట్టాలో లెటర్ తీసుకుని, ఆ మాట అగ్రిమెంట్‌లో రాసుకుని చేయండి.

పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఇవి ఉంటే ఎన్‌ఓసీ దగ్గర ఇబ్బంది వస్తుంది.

2. ఆ బండి అక్కడ రిజిస్టర్ అవుతుందా చూడండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద, 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షలున్నాయి. అలాంటి చోటికి పాత డీజిల్ బండి అమ్మితే పేరు మారదు, మీ పేరు మీదే మిగిలిపోతుంది. కొనేవాళ్ళు తమ ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కుని, ఈ మోడల్ ఈ ఏడాదిది రిజిస్టర్ అవుతుందని మెసేజ్‌లో రాసి పంపమనండి. మనం కట్టిన లైఫ్ ట్యాక్స్ అక్కడ చెల్లదు, వాళ్ళు తమ రాష్ట్రంలో మళ్ళీ రోడ్ ట్యాక్స్ కట్టాలి. ఈ సంగతి బేరం ముగిశాక తెలిస్తే రేటు తగ్గించమని గొడవ మొదలవుతుంది, కాబట్టి మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి.

3. మనిషి ఎవరో తేల్చుకోండి

వీడియో కాల్ చేయండి. ఐడీ కార్డు ఫొటో పంపితే సరిపోదు, కార్డు చేతిలో పట్టుకుని కెమెరాలో చూపించమనండి. పేరు, ఊరు, ఆ పేరు మీదే బ్యాంకు ఖాతా, బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ చేస్తారు, ఇవన్నీ ఒకే మనిషివై ఉండాలి. "మా బావమరిది పేరు మీద, డబ్బు మా పార్ట్‌నర్ వేస్తాడు, బండి తీసుకోవడానికి ఇంకొకరు వస్తారు" అంటే వద్దని చెప్పేయండి.

మోసం వాసన కొట్టే మాటలు కొన్ని ఉన్నాయి. బండి చూడకుండా, ఒక్క ప్రశ్నా అడగకుండా చెప్పిన రేటుకి ఒప్పుకోవడం. ఆర్మీలో ఉన్నానని, డ్యూటీలో ఉన్నాను రాలేనని, నమ్మకం కోసమంటూ యూనిఫాంలో ఫొటో, క్యాంటీన్ కార్డు పంపడం. "ఈ రోజే తేల్చాలి" అని గంటకోసారి ఫోన్ చేయడం. ఇందులో రెండు కలిసి కనిపిస్తే ఆ నంబర్‌తో మాట్లాడటం మానేయండి, మర్యాదకి పోయి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

మీ వైపు నుంచి జాగ్రత్త: ఆర్‌సీ, ఆధార్ స్పష్టమైన ఫొటోలు అడగ్గానే పంపేయకండి. ఆ ఫొటోలతోనే మీ బండిని ఇంకొకరికి అమ్మకానికి పెడతారు, మీ పేరుతో అడ్వాన్సులు వసూలు చేస్తారు. మొదట్లో రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తే చాలు, ఎంపరివాహన్ యాప్‌లో ముఖ్యమైన వివరాలు వాళ్ళే చూసుకుంటారు. కాగితం పంపాల్సి వస్తే దాని మీద అడ్డంగా "ఫలానా వారికి చూపడం కోసం మాత్రమే" అని తేదీతో రాసి పంపండి, ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ.

4. బండి చూపించడం

వాళ్ళు వస్తే మంచిది. రాలేకపోతే తమ తరఫున మెకానిక్‌నో, ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ళనో పంపమనండి, ఖర్చు వాళ్ళదే. మీరు పగటి వెలుతురులో కట్ చేయని ఒకే వీడియో తీయండి: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడం, ఓడోమీటర్, టైర్లు, బండి కింద భాగం, గీతలు, సొట్టలు అన్నీ. తెలిసిన లోపాలు మీరే రాసి పంపండి. ఏసీ కూలింగ్ తక్కువ, ఎడమ తలుపు పెయింట్ మళ్ళీ వేయించాం, ఇలా. లోపం ఒప్పుకుంటే రేటు పడిపోతుందని భయపడతారు గానీ, రాసి ఉన్న లోపం మీద తర్వాత డబ్బు వెనక్కి అడగలేరు.

టెస్ట్ డ్రైవ్‌కి ఎవరొచ్చినా లైసెన్స్ ఫొటో తీసుకోండి, పక్క సీట్లో మీరు కూర్చోండి. స్పేర్ తాళం ఇంట్లోనే ఉంచండి.

5. అడ్వాన్స్, అగ్రిమెంట్

బేరం కుదిరాక టోకెన్ అడ్వాన్స్ తీసుకోండి. ఎందుకంటే తర్వాతి మెట్టు ఎన్‌ఓసీ, అది ఒక ఊరి ఆర్‌టీఓ పేరు మీద తీసుకుంటారు, వాళ్ళు మధ్యలో వద్దంటే దాన్ని రద్దు చేయించుకోడానికి మళ్ళీ మీరే తిరగాలి. కాబట్టి వాళ్ళు సులువుగా వదులుకోలేనంత అడ్వాన్స్ ఉండాలి, మానుకుంటే అందులో ఎంత తిరిగిస్తారో ముందే రాసుకోవాలి.

అగ్రిమెంట్ స్టాంప్ పేపర్ మీద చేయించండి. ఇద్దరి పూర్తి పేర్లు, అడ్రసులు, రిజిస్ట్రేషన్ నంబర్, ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్, ధర, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి, లోపాల జాబితా, పేరు మార్పిడి ఎవరు ఎన్ని రోజుల్లో చేయించుకోవాలి, బండి అప్పగించిన క్షణం నుంచి చలాన్లు, యాక్సిడెంట్లు, కేసులు కొన్నవారి బాధ్యత అన్న వాక్యం. ఈ వాక్యం ఉన్నా రిజిస్టర్డ్ యజమానిగా మీ మీదకి వచ్చే కేసు ఆగదు, తర్వాత వాళ్ళ దగ్గర వసూలు చేసుకోడానికి మాత్రం ఆధారం అవుతుంది.

6. ఎన్‌ఓసీ తీసుకోండి

ఫారం 28 నింపి, చాసిస్ నంబర్ పెన్సిల్ ముద్ర అంటించి, మీ ఆర్‌టీఓలో ఇవ్వాలి. కొన్ని చోట్ల పోలీసుల నుంచి బండి మీద కేసుల్లేవన్న కాగితం కూడా అడుగుతారు. చట్టం ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇస్తున్నారో నిరాకరిస్తున్నారో మీకు తెలపాలి, ఏమీ తెలపకపోతే ఇచ్చినట్టే లెక్క. అందుకే రసీదు జాగ్రత్త.

కొనేవాళ్ళ అడ్రస్ ఏ ఆర్‌టీఓ పరిధిలోకి వస్తుందో వాళ్ళతోనే రాయించుకోండి, మీరు ఊహించి రాయకండి. ఒకే ఊళ్ళో రెండు మూడు ఆర్‌టీఓలుంటాయి, తప్పు ఆఫీసు పేరుతో ఎన్‌ఓసీ వస్తే మళ్ళీ మొదటికి రావాలి. ఎన్‌ఓసీ చేతికొచ్చాక కాపీ పంపండి, ఒరిజినల్ మీ దగ్గరే.

7. పూర్తి డబ్బు

అసలు మోసాలన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఈ మెట్టు నిదానంగా చదవండి.

మంచి పద్ధతి ఆర్‌టీజీఎస్, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా పెద్ద మొత్తం పంపడం. 2 లక్షలు, ఆపైన మొత్తానికి ఇది, రోజంతా, సెలవు రోజుల్లోనూ నడుస్తుంది. తక్కువ మొత్తమైతే నెఫ్ట్. ముందు వాళ్ళ ఖాతా నుంచి ఒక్క రూపాయి వేయమనండి. మీ స్టేట్‌మెంట్‌లో పంపినవాళ్ళ పేరు కనిపిస్తుంది, అది ఐడీలో ఉన్న పేరేనా చూడండి. అదే ఖాతా నుంచి మిగతాది రావాలి.

పేరు కలవాలని ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. సైబర్ మోసంలో ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బుని నేరుగా మీ ఖాతాకి మళ్ళించి బండి పట్టుకుపోయేవాళ్ళున్నారు. డబ్బు నిజమే, ఖాతాలో నిజంగానే పడింది, కానీ పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు వెళ్ళిన దారి పట్టుకుని పోలీసులు మీ ఖాతాని ఫ్రీజ్ చేయించవచ్చు. అప్పుడు బండీ లేదు, డబ్బూ అందదు. ముక్కూమొహం తెలియని మూడు నాలుగు ఖాతాల నుంచి ముక్కలుగా డబ్బు వస్తే వాడకండి, వెంటనే మీ బ్యాంకుకి రాసివ్వండి, బండి మాత్రం కదలనివ్వకండి. వాట్సాప్ మాటలు, అగ్రిమెంట్, ఐడీ కాపీలు చెరపకుండా ఉంచుకుంటే మీరు అమ్మింది బండేనని చూపించుకోవచ్చు.

డబ్బు పడిందని ఎలా తెలుసుకోవాలి? మీ ఫోన్‌లో మీ బ్యాంకు యాప్ తెరిచి, బ్యాలెన్స్ పెరిగిందో లేదో, స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు యూటీఆర్ నంబర్‌తో (ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్) జమ కనిపిస్తోందో లేదో చూడండి. ఇంకేదీ లెక్కలోకి రాదు. వాళ్ళు పంపిన స్క్రీన్‌షాట్ లెక్క కాదు, దాన్ని తయారు చేయడం నిమిషం పని, నిజమైన స్క్రీన్‌షాటే అయినా అది రేపటికి షెడ్యూల్ చేసి తర్వాత రద్దు చేసుకునే చెల్లింపు అయ్యుండొచ్చు. ఎస్ఎంఎస్ కూడా నమ్మకండి, బ్యాంకు మెసేజ్‌లా రాసి మామూలు నంబర్ నుంచి పంపిస్తారు.

మిగతా వలలు ఇవి:

- "క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు వస్తుంది." యూపీఐ పిన్ మీ ఖాతా నుంచి డబ్బు పంపడానికి. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు.
- ఎక్కువ డబ్బు వేశామనడం. 4 లక్షలకి బేరమైతే 4 లక్షల 40 వేలు పడినట్టు మెసేజ్ వస్తుంది, ఆ 40 వేలు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి కట్టేయమంటారు. పడిందేమీ ఉండదు, మీ 40 వేలు పోతాయి. అమ్మేవాళ్ళు ఎవరికీ ఏ డబ్బూ పంపాల్సిన పని లేదు, రిజిస్ట్రేషన్ ఫీజనీ గేట్‌పాసనీ ఏం చెప్పినా సరే.
- చెక్కు, డీడీ. చెక్కు వేయగానే ఖాతాలో కనిపించినా క్లియర్ కాకపోతే వెనక్కి పోతుంది. డీడీ దొంగది కావచ్చు. డీడీయే ఇస్తామంటే, దాన్ని ఇచ్చిన బ్యాంకు బ్రాంచికి మీరు వెతికి పట్టుకున్న నంబర్‌తో ఫోన్ చేసి నిర్ధారించుకోండి, డీడీ మీద రాసిన నంబర్‌తో కాదు, ఆ డబ్బు మీ ఖాతాలో క్లియర్ అయ్యేదాకా ఆగండి.
- ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమనడం. మీ స్క్రీన్ వాళ్ళకి కనిపించే యాప్ అది. వేసుకోకండి.

నగదు అయితే ఇంకో చిక్కు. ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రోజుకి కొంచెం కొంచెంగా తీసుకున్నా ఒక బండికి ఒకే లావాదేవీ. తీసుకున్నవాళ్ళ మీద తీసుకున్నంత పెనాల్టీ పడొచ్చు, అంటే మీ మీదే.

8. సంతకాలు, తాళం

డబ్బు పడ్డాక ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30లో మీ భాగం సంతకం చేయండి. అన్ని గళ్ళూ నింపాకే సంతకం. కొన్నవాళ్ళ పేరు, అడ్రస్, తేదీ ఖాళీగా వదిలేసిన ఫారాలే పాత బళ్ళ వ్యాపారంలో చేతులు మారుతుంటాయి, ఒకరి నుంచి ఒకరికి, మీ సంతకం మీద. "ఖాళీగా ఇవ్వండి, మేం నింపుకుంటాం" అంటే వాళ్ళు తమ పేరు మీదకి మార్చుకునే ఉద్దేశంలో లేరన్నమాట. వాళ్ళ సంతకాలు లేని ఫారం 30 కూడా ఇవ్వకండి, స్పీడ్ పోస్టులో ముందే సంతకం చేసి పంపమనండి. అన్నిటికీ రెండు వైపులా ఫొటోలు తీసుకుని ఉంచండి.

బండి అప్పగించేటప్పుడు డెలివరీ నోట్ రాయండి: తేదీ, గంట, నిమిషం, కిలోమీటర్ల రీడింగ్, ఎన్ని తాళాలు, ఏ కాగితాలు. తీసుకున్నవాళ్ళ సంతకం, ఐడీ కాపీ. ఆ రాత్రే ఏదైనా కెమెరాకి చిక్కితే ఆ గంట, నిమిషమే మీకు ఆధారం.

అన్నిటికన్నా మంచిది, కొనేవాళ్ళు ఆఖరి రోజున స్వయంగా రావడం. బ్యాంకులో కూర్చుని డబ్బు, సంతకాలు, తాళం ఒకే పూటలో అయిపోతాయి, ఇద్దరికీ టెన్షన్ ఉండదు. రాలేక డ్రైవర్‌ని పంపితే, పంపుతున్నానని వాళ్ళు వీడియో కాల్‌లో చెప్పాలి, డ్రైవర్ లైసెన్స్ కాపీ మీకు కావాలి. కార్ క్యారియర్ అయితే బుకింగ్, కిరాయి, ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ వాళ్ళవే. లారీ రసీదు, అదే ఎల్‌ఆర్, అందులో బండి అందుకునే పేరు కొన్నవాళ్ళదే ఉండాలి. లారీ ఎక్కించే ముందు చుట్టూ వీడియో తీయండి, దారిలో పడ్డ సొట్ట మీ ఖాతాలో రాయకుండా.

ఫాస్టాగ్ అద్దం మీంచి తీసేయండి. స్టీరియోలో మీ ఫోన్ కాంటాక్టులు, ఇంటి లొకేషన్ చెరిపేయండి, డాష్‌క్యామ్ కార్డు తీసుకోండి, కంపెనీ యాప్‌లో కారు మీ ఖాతాకి కనెక్ట్ అయి ఉంటే విడదీయండి.

9. బండి వెళ్ళాక అదే వారంలో

ఫాస్టాగ్‌ని ఇచ్చిన బ్యాంకులో మూసేయించండి, అద్దం మీంచి తీసినంత మాత్రాన ఖాతా మూతపడదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి అమ్మిన సంగతి రాయండి, పాలసీని మాత్రం మీరు తొందరపడి రద్దు చేయించకండి. ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డు మీద, మీ పేరుతో తిరిగితే మొదటికే మోసం. కొన్నవాళ్ళు 14 రోజుల్లో తమ పేరు మీదకి మార్చుకోడానికి దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషికి చెందుతుంది, బండికి కాదు. దాని సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే మీ తర్వాతి కారుకి వాడుకోవచ్చు.

అమ్మినవాళ్ళూ ఆర్‌టీఓకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది, అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో. "కొన్నవాళ్ళు చూసుకుంటారు" అని చాలామంది ఊరుకుంటారు, వద్దు. ఎన్‌ఓసీ కాపీ, ఫారం 29 కాపీ, డెలివరీ నోట్ కాపీ పెట్టి మీ ఆర్‌టీఓకీ, వాళ్ళ ఆర్‌టీఓకీ స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి.

10. పేరు మారిందా?

కొన్నవాళ్ళకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. నెల తర్వాత ఎంపరివాహన్‌లో మీ పాత నంబర్ కొట్టి చూడండి. యజమాని పేరు పూర్తిగా కనిపించదు, కొన్ని అక్షరాలే ఉంటాయి, మీదా కాదా తెలియడానికి అవి చాలు. వేరే రాష్ట్రంలో కొత్త నంబర్ ఇస్తారు కాబట్టి కొత్త ఆర్‌సీ కాపీ పంపమని అడిగి, ఆ నంబర్ కూడా కొట్టి చూడండి. పాత నంబర్ మీద కొత్త చలాన్లేమైనా వచ్చాయేమో నెలకోసారి చూస్తుండండి.

మారకపోతే మొదట ఫోన్, తర్వాత రాతపూర్వకంగా నోటీసు, అప్పటికీ కదలకపోతే రెండు ఆర్‌టీఓలకీ కాపీలతో ఫిర్యాదు. అగ్రిమెంట్ ప్రకారం కొంత డబ్బు పేరు మారాకే ఇచ్చేలా పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు, అది అమ్మేవాళ్ళకి నష్టం. దాని బదులు మీరే కొంత మొత్తం డిపాజిట్‌గా అదనంగా తీసుకుని, కొత్త ఆర్‌సీ చూపించాక తిరిగిచ్చేలా రాసుకోండి. వాళ్ళు త్వరగా కదలడానికి ఇది బాగా పనిచేస్తుంది.

ఇదంతా చేసే ఓపిక, తీరిక లేకపోతే ఇంకో దారి ఉంది. ఆర్‌టీఓ దగ్గర అధీకృత అనుమతి ఉన్న పాత బళ్ళ డీలర్‌కి అమ్మడం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం అలాంటి డీలర్‌కి బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆర్‌టీఓకి తెలియజేస్తారు, ఆ తర్వాత బండి బాధ్యత డీలర్‌ది అవుతుంది. ధర కొంచెం తక్కువ రావచ్చు. అనుమతి పత్రం చూపించమని అడగండి, ఫారం పెట్టిన రసీదు తీసుకోకుండా తాళం ఇవ్వకండి.

ఇప్పటికే డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకుకి చెప్పండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది. బండి కూడా పోయుంటే స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాయించి, ఆ కాపీతో పేరు మార్పిడి ఆపమని రెండు ఆర్‌టీఓలకీ అదే రోజు రాసివ్వండి.